మేం చూసింది ముప్పై సెకన్లు వినండి: ఒక అంబులెన్స్ ఈఎంటీ బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లాలో అత్యవసర వైద్యం చూసే అధికారులకు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, క్యాజువాలిటీలో డ్యూటీ చేసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు,

నమస్కారం.

నేను ఈ జిల్లా మెట్ట మండలాల్లో అంబులెన్స్ మీద ఈఎంటీగా, అంటే బండిలో రోగికి అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగంలో చేరి పన్నెండేళ్లు దాటింది. ఇక్కడ రాస్తున్న విషయాన్ని నేనూ, నాతో పనిచేసే కొందరూ కలిసి ఇదివరకు రెండుసార్లు కాగితం మీద పెట్టి పైవాళ్లకు ఇచ్చాం. మొదటిసారి చూస్తామన్నారు. రెండోసారి ఏ మాటా రాలేదు. అందుకే అందరికీ కనిపించేలా రాస్తున్నాను. ఎవరి మీదా కోపం లేదు. ఏ ఆసుపత్రి పేరూ, ఏ డాక్టర్ పేరూ ఇందులో రాయను. రాత్రి ఒక్క డాక్టర్ నలభై మంది రోగుల మధ్య ఎలా పరిగెత్తుతారో రోజూ చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

విషయం ఒక్కటే. రోగి దగ్గరికి అందరికంటే ముందు చేరేది మేము. ఆయన పడి ఉన్న చోటు చూస్తాం, ఇంట్లోవాళ్లను అడుగుతాం, కొలవాల్సినవి కొలుస్తాం, వైద్యం మొదలుపెడతాం. గంట, గంటన్నర ఆయన పక్కనే కూర్చుని వస్తాం. అలా తెలుసుకున్నదంతా ఆసుపత్రి గుమ్మం దగ్గర పోతోంది. చెబుదామంటే వినేవాళ్లు ఉండరు. రోగి వివరాలు మేం రాసే పీసీఆర్ కాగితం మీద సంతకం పడుతుంది, చదివేవాళ్లు మాత్రం ఉండరు. 'సరే సరే, అక్కడ పడుకోబెట్టండి' అన్న మాటతో మా పని అయిపోతుంది. దీనివల్ల మనుషులు దెబ్బతింటున్నారు.

108 సేవలు మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఇరవై ఏళ్లలో ఆ నంబరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. అయినా చాలామంది దృష్టిలో బండి అంటే ఇప్పటికీ సైరన్ ఉన్న టాక్సీయే. ఆసుపత్రుల్లో కూడా కొందరు అలాగే చూస్తారు. అందుకని ముందు మేం బండిలో ఏం చేస్తామో కొంచెం చెప్పాలి.

కాల్ వచ్చిన చోట బండి దిగగానే ముందు చుట్టూ చూస్తాం. రొయ్యల చెరువు గట్టు మీద మనిషి పడి ఉంటే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్‌కు కరెంటు ఆపారా లేదా తెలుసుకోకుండా ముట్టుకోం. ధారగా రక్తం పోతుంటే అన్నిటికన్నా ముందు దాన్ని ఆపుతాం. ఆ తర్వాత ఊపిరి దారి, ఊపిరి, నాడి, స్పృహ వరసగా చూస్తాం. మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, గిల్లితే కదులుతున్నాడా, అదీ లేదా? కంటిపాపలు ఎలా ఉన్నాయి? వేలిగోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి వస్తోందా? బీపీ, ఆక్సిజన్, షుగర్, టెంపరేచర్. ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, ఏ మాత్రలు వాడతాడు, ఇది ఎన్ని గంటలకు మొదలైంది. అవసరమైతే ఫోన్‌లో ఈఆర్‌సీపీ డాక్టర్‌తో (108 కాల్ సెంటర్ నుంచి మాకు సలహా ఇచ్చే డాక్టర్) మాట్లాడి ఆయన చెప్పిన మందు ఇస్తాం. ఇందులో ఒక్క అంకె తప్పినా, ఒక్క ప్రశ్న మరిచిపోయినా దారి తప్పుతుంది. ఎలా తప్పుతుందో, గుమ్మం దగ్గర మా మాట పోతే ఏమవుతుందో నా కళ్లతో చూసినవి చెబుతాను.

1. నిమ్మతోటలో పడిపోయిన పెద్దాయన.

మే నెల, మధ్యాహ్నం. అరవై దాటిన రైతు. 'మందు కొడతా కొడతా పడిపోయినాడు సార్, విషం ఎక్కినట్టుండాది' అన్నాడు కొడుకు. అక్కడున్న వాళ్లంతా అదే అనుకుంటున్నారు. ఆ ఎండలో ఆ మనిషి పడిపోవడానికి కనీసం మూడు కారణాలు ఉండొచ్చు. పురుగుమందు ఎక్కితే కంటిపాపలు గుండుసూది మొనంత అవుతాయి, నోటి వెంట చొంగ కారుతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఎండదెబ్బ అయితే ఒళ్లు పెనంలా కాలుతుంది, టెంపరేచర్ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈయనకు అవేవీ లేవు. ఒళ్లు చల్లగా ఉంది, చెమటతో తడిసి ఉంది, కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి. షుగర్ చూస్తే 34, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ. చొక్కా జేబులో షుగర్ మాత్రల షీటు ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా తోటకు వచ్చాడట.

ఈఆర్‌సీపీ డాక్టర్‌ను అడిగి నరానికి గ్లూకోజ్ ఎక్కించాను. కొన్ని నిమిషాల్లో కళ్లు తెరిచి, 'ఎవురయ్యా మీరు' అన్నాడు. కొడుకు ఏడ్చేశాడు.

ఆసుపత్రిలో నేను చెప్పబోయింది రెండు ముక్కలు. మేం చూసినప్పుడు షుగర్ 34. ఆయన వాడేది గ్లిమెపిరైడ్ రకం మాత్ర. ఆ మాత్ర ఒంట్లో చాలా గంటలు పనిచేస్తుంది, మేం ఇచ్చిన గ్లూకోజ్ కాసేపే నిలుస్తుంది. కాబట్టి షుగర్ మళ్లీ పడిపోతుంది, ఒక రోజైనా ఉంచి చూడాలి. కానీ ఆ రెండు ముక్కలు వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు. వాళ్లు మళ్లీ షుగర్ చూశారు. గ్లూకోజ్ ఎక్కించాం కాబట్టి 190 వచ్చింది. 'షుగర్ బాగానే ఉంది, ఎండదెబ్బ' అని ఓఆర్ఎస్ ఇచ్చి సాయంత్రం ఇంటికి పంపేశారు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అదే ఇంటి నుంచి కాల్ వచ్చింది. మీటర్ మీద అంకె కూడా రాలేదు, 'లో' అని చూపించింది. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఇంట్లోవాళ్లకు తెలియదు, నిద్రపోతున్నాడనే అనుకున్నారు. మనిషి బతికాడు. కానీ ఇప్పుడు మనవరాలి పేరు గుర్తుండదు. తోట దారి గుర్తుండదు. ఎరువు లెక్కలూ నిమ్మకాయల లెక్కలూ నోటితో చేసే మనిషికి నోటు చేతిలో పెడితే ఎంతో చెప్పలేడు. పీసీఆర్‌లో '34' అని నా చేతిరాత ఉంది, దాని కింద ఆసుపత్రి సంతకం ఉంది.

2. చాప మీద పడుకున్న పిల్లవాడు.

ఉదయగిరి వైపు ఊళ్లలో, ఆ మాటకొస్తే మెట్ట అంతటా, వానాకాలంలో పాముకాట్లు మాకు కొత్త కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు ఉంది. కరిచింది ఏ పామో చూసి చెప్పేవాళ్లు చాలాసార్లు ఉండరు. ఒంటి మీద కనిపించే లక్షణాలే పామును చెబుతాయి.

పదకొండేళ్ల పిల్లవాడు వసారాలో నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. రాత్రి మూడింటికి కడుపునొప్పి అని లేచాడు, ఒక వాంతి అయింది. 'రాత్రి తిన్నది అరగలేదేమో' అంది తల్లి. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. కానీ బండిలో పడుకోబెట్టాక చూస్తే కనురెప్పలు వాలిపోతున్నాయి. గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వస్తోంది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. కట్లపాము కరిస్తే అంతే, నొప్పి ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడుతూ చివరికి ఊపిరి ఆగిపోతుంది.

'ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడతావు నాయనా' అని అడిగాను. పదహారు దాకా చెప్పాడు. అరగంట తర్వాత మళ్లీ అడిగితే తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. దీనికి మిషను అక్కర్లేదు, ఖర్చు లేదు. ఊపిరి తగ్గుతోందని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

ఆసుపత్రిలో ఆ అంకెలు చెప్పాను. ఎవరూ రాసుకోలేదు. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు పెట్టారు. గడ్డకట్టింది. 'రక్తం బాగానే గడ్డకట్టింది, విషం ఎక్కలేదు' అన్నారు. ఆ పరీక్ష పింజరి కాటుకు పనికొస్తుంది. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మీద కాదు. కట్లపాము కరిచినా రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ఇది ఆ డాక్టర్‌కు తెలియదని నేను అనను, కచ్చితంగా తెలుసు. కానీ ఆయన ముందున్న కేసు షీటు మీద 'కడుపునొప్పి' అని మాత్రమే ఉంది. వాలిన రెప్పల సంగతీ, పదహారు తొమ్మిది అయిన సంగతీ ఆ కాగితం మీద లేవు.

యాభై నిమిషాల తర్వాత పిల్లవాడికి ఊపిరి ఆగింది. అప్పటికి నేను అక్కడే ఉన్నాను. వాడు ఇంకా మా స్ట్రెచర్ మీదే ఉన్నాడు కాబట్టి ఉన్నాను. చేత్తో నొక్కే అంబూ బ్యాగ్ పెట్టి ఊపిరి అందించాను. తర్వాత అదే సిబ్బంది ప్రాణం పెట్టి పనిచేశారు. గొట్టం వేశారు, విరుగుడు మందు 10 వయల్స్ ఎక్కించారు, వెంటిలేటర్ మీద నాలుగు రోజులు ఉంచారు. పిల్లవాడు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. వాళ్ల చేతుల్లో అంత పనితనం ఉంది కాబట్టే ఈ లేఖ రాయాలనిపించింది. ఆ పనితనం గంట ముందు మొదలై ఉండాల్సింది. ఒక స్ట్రెచర్ ఖాళీగా దొరికి ఉంటే నేను అప్పటికే వెళ్లిపోయి ఉండేవాణ్ణి. అలా వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మన జిల్లాలో ఆ పని మొదలయ్యేది మందు అలమారా దగ్గర కాదు, రెప్పలు వాలుతున్నాయని ఎవరు ముందు చూస్తారో వాళ్ల దగ్గర.

3. ఇరుక్కుపోయిన స్ట్రెచర్లు.

క్యాజువాలిటీలో మంచం ఖాళీ ఉండదు, ఆసుపత్రి స్ట్రెచర్ ఉండదు, రోగుల్ని ఎత్తి మార్చే ఎంఎన్ఓ వేరే వార్డులో ఉంటాడు. రోగి మా స్ట్రెచర్ మీదే ఉండిపోతాడు. స్ట్రెచర్ లేకుండా బండి కదలదు. ఒకసారి గంటా పది నిమిషాలు అలా నిలబడ్డాం. ఆ సమయంలోనే హైవే మీద, అంటే ఇప్పుడు ఎన్‌హెచ్-16 అంటున్న పాత మద్రాసు రోడ్డు మీద, బైకు ప్రమాదం జరిగింది. దగ్గరున్న బండి మాదే. మేం వెళ్లలేకపోయాం. పక్క మండలం నుంచి ఇంకో బండి వచ్చింది. గాయపడినతని తొడ దగ్గర రక్తనాళం తెగింది. దారిలోనే పోయాడు.

మేం వెళ్లి ఉంటే బతికేవాడని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ రక్తం కారే చోట గట్టిగా నొక్కిపట్టి, పైన టోర్నికే పట్టీ బిగించి, బిగించిన టైము రాసిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల కోసం ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎదురుచూశాడు, మేము ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ కోసం ఎదురుచూశాం.

ఇంగ్లండ్‌లో అంబులెన్స్ రోగిని 15 నిమిషాల్లో ఆసుపత్రికి అప్పగించాలని ప్రమాణం పెట్టుకున్నారు. అక్కడా ప్రతిసారీ జరగదు, గంటల తరబడి బండ్లు నిలిచిపోయిన రోజులు వాళ్లకూ ఉన్నాయి. కానీ ఎంతసేపు ఆగిందో లెక్క రాస్తారు, ఆ లెక్క జనం ముందు పెడతారు. మన దగ్గర బండి ఎన్నింటికి వచ్చిందో రాస్తారు. ఎన్నింటికి వదిలారో అడిగేవాళ్లు లేరు.

4. గ్యాస్ అనుకున్న గుండెపోటు.

ఇది ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు కాబట్టి ఒక కేసుగా చెప్పను. యాభై దాటిన ఆడమనిషి, షుగర్ ఉంటుంది. గుండెల్లో నొప్పి ఉండదు. దవడ లాగుతుంది, చెమట పడుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో సోడా తాగిస్తారు. మాకు ఫోన్ చేసేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. షుగర్ ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ గుండెపోటు ఇలా వస్తుందని మాకు నేర్పారు, అందుకే అనుమానిస్తాం. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి మూడు గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు దాటితే దాని ఉపయోగం పోతుంది. వేల రూపాయల ఖరీదు చేసే ఆ ఇంజక్షన్‌ను రాష్ట్రంలో స్టెమీ అనే గుండెపోటు చికిత్స కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. చాలా మంచి పని.

కానీ రాత్రి రెండింటికి ఆ ఇంజక్షన్ ఎక్కడ ఉంది, ఈసీజీ తీసేవాళ్లు ఎక్కడ ఉన్నారు అన్నది మాకు ఎవరూ చెప్పరు. దగ్గరి ఆసుపత్రికి తీసుకెళితే రిఫర్ చేస్తారు. అక్కడి నుంచి ఇంకో చోటికి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. సీతారామపురం వైపు ఊళ్లకు ఇంకా ఎక్కువ. ఈ దూరాలు ఎవరూ తగ్గించలేరు. ఏ గుమ్మానికి వెళ్లాలో ముందే తెలిస్తే మధ్యలో ఆగే ఆ రెండు గుమ్మాల సమయం మిగులుతుంది. పక్షవాతం కేసుల్లోనూ ఇదే కథ. నాలుగున్నర గంటల్లోపు ఇంజక్షన్ పడాలి, దానికి ముందు సీటీ స్కాన్ ఉండాలి. మాట తడబడటం ఎన్నింటికి మొదలైందో ఇంట్లోవాళ్లను అడిగి మేం రాసిన టైము మీదే ఆ ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడుతుంది. ఆ టైము కూడా మా కాగితంలోనే ఉండిపోతోంది.

5. బండిలో కాన్పులు.

దీని గురించి తక్కువే రాస్తాను. కాన్పు ఎన్ని గంటలకైంది, మాయ పూర్తిగా వచ్చిందా, ఎన్ని గుడ్డలు తడిశాయి, రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్ ఇచ్చామా లేదా. ఈ నాలుగూ వార్డు సిస్టర్ చెవిన పడకపోతే బాలింతకు రక్తం ఎంత పోయిందో వాళ్లకు తెలిసే దారి లేదు.

మా వైపు తప్పులు కూడా చెప్పకపోతే ఈ లేఖ న్యాయంగా ఉండదు. మాలో కొందరు ఊపిరి లెక్కపెట్టకుండానే ప్రతి కాగితం మీదా 'నిమిషానికి 20' అని రాస్తారు. అలాంటి కాగితాలు చూసీ చూసీ మా మాట మీద డాక్టర్లకు నమ్మకం పోయి ఉంటే అందులో మా బాధ్యత ఉంది. చేతిరాత అర్థం కాని పీసీఆర్‌లు ఉన్నాయి. ఏళ్ల తరబడి మళ్లీ ట్రైనింగ్ లేని ఈఎంటీలు ఉన్నారు. అందుకే కింద అడిగే వాటిలో మమ్మల్ని సరిదిద్దే పనులు కూడా పెట్టాం.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరు స్పష్టంగా ఉంది. చట్టం మమ్మల్ని ఆరోగ్య వృత్తిలో ఉన్నవాళ్లుగా చూస్తోంది. క్యాజువాలిటీ గుమ్మం దగ్గర కూడా అలాగే చూడమని అడుగుతున్నాం. మేం అడిగేవి ఇవి.

ఒకటి. ప్రతి షిఫ్టులో క్యాజువాలిటీలో ఒక నర్సునో, హౌస్ సర్జన్‌నో మా మాట వినడానికి పెట్టండి. రోగిని మంచం మీదికి మార్చకముందే ముప్పై సెకన్లు. ఏం జరిగింది, మేం ఏం చూశాం, కొలతలు ఎంత, ఏం మందు ఇచ్చాం. చాలా దేశాల్లో మిస్ట్ అనే పేరుతో ఇదే వరసలో చెబుతారు. ఆ ముప్పై సెకన్లు ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. గుండె ఆగిన కేసైతే వేరు, అక్కడ చేతులతో పని చేస్తూనే చెబుతాం.

రెండు. పీసీఆర్ కాపీని రోగి కేసు షీటుకు పిన్ను చేయండి. మేం చూసిన మొదటి షుగర్, మొదటి బీపీ, స్పృహ స్థాయి, లక్షణాలు మొదలైన టైము ఈ నాలుగూ కేసు షీటు మొదటి పేజీలో ఎక్కాలి. నిమ్మతోట పెద్దాయన విషయంలో ఈ ఒక్క పని జరిగి ఉంటే చాలు.

మూడు. పెద్ద ఆసుపత్రుల గుమ్మం దగ్గర కనీసం ఐదు స్ట్రెచర్లు అంబులెన్స్‌ల కోసమే ఉంచండి. మాది ఇరుక్కుంటే అందులో ఒకటి తీసుకుని వెళ్తాం, తర్వాత మార్చుకుంటాం. బండి వచ్చిన టైము, వదిలిన టైము రెండూ రిజిస్టర్‌లో రాయాలి. 15 నిమిషాలు దాటిన ప్రతిసారీ కారణం రాయాలి. నెలకోసారి ఆ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నాలుగు. క్యాజువాలిటీలో ఒక ఫోన్ నంబరు, ఎప్పుడూ ఎత్తే నంబరు, మాకు ఇవ్వండి. పాముకాటు, గుండెపోటు, పక్షవాతం, పెద్ద ప్రమాదం, బాలింతకు రక్తస్రావం అయినప్పుడు మేం దారిలో ఉండగానే చెబుతాం. మేం దిగేసరికి మందు బయటికి తీసి ఉంటుంది.

ఐదు. ఏ ఆసుపత్రిలో ఏ వేళలో ఏముందో ఒక జాబితా. పాము విరుగుడు మందు ఎన్ని వయల్స్, పాము విషంతో కండరాలు చచ్చుబడితే ఇచ్చే నియోస్టిగ్మిన్, ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజక్షన్, సీటీ, వెంటిలేటర్, రక్తం. ముఖ్యంగా రాత్రి ఎనిమిది తర్వాత. వారానికోసారి సరిచేసి మా ఫోన్లకు పంపితే చాలు.

ఆరు. మేం తెచ్చిన రోగికి ఏమైందో మాకు చెప్పండి. మేం అనుకున్నది సరైనదో తప్పో తెలియకుండా పన్నెండేళ్లు పనిచేశాను. నెలకోసారి ఒక గంట, డాక్టర్లూ మేమూ కూర్చుని ఐదు కేసులు మాట్లాడుకుంటే రెండు వైపులా నేర్చుకుంటాం. ఊపిరి లెక్కపెట్టకుండా రాసినవాణ్ణి అక్కడ నిలబెట్టి అడగండి, మాకు అభ్యంతరం లేదు. ప్రతి ఏడాదీ మళ్లీ ట్రైనింగ్, పరీక్ష కూడా పెట్టండి.

వీటిలో కొత్త భవనం అక్కర్లేదు. కొత్త పోస్టు కూడా దాదాపు అక్కర్లేదు. స్ట్రెచర్లు తప్ప కొనాల్సింది ఏమీ లేదు.

ఇక ఈ లేఖ చదువుతున్న మన జిల్లా జనానికి కొన్ని మాటలు.

మేం వచ్చేసరికి రోగి వాడే మాత్రల షీట్లు ఒక కవర్లో పెట్టి ఉంచండి. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. పురుగుమందు అయితే డబ్బా తప్పకుండా తెండి. గడ్డిమందు రకాల్లో కొన్నిటికి అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి, డబ్బా మీది పేరు చూస్తే తప్ప అది మాకు తెలియదు. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, మంత్రం కోసం ఆగొద్దు, నడిపించొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి పడుకోబెట్టండి. నేల మీద పడుకున్న పిల్లలు అర్ధరాత్రి కడుపునొప్పి అని లేచి, రెప్పలు వాలుతుంటే తెల్లారేదాకా చూడొద్దు.

మనిషి కుప్పకూలి, కదలక, ఊపిరి ఆడకపోతే మాకు ఫోన్ చేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టండి. కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మేం వచ్చేదాకా ఆపొద్దు. ఊపిరి, గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ పల్లెకూ ఏ బండీ అంత త్వరగా రాలేదు, ఆ నిమిషాలు మీ చేతుల్లోనే ఉన్నాయి.

రోడ్డు మీద గాయపడినవాళ్లను ముట్టుకుంటే పోలీసు కేసు అవుతుందని ఇంకా భయపడుతున్నారు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఆ భయం తీసేశాయి. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. అదే చట్టంలో అంబులెన్స్‌కు దారి ఇవ్వనివాళ్లకు 10,000 రూపాయల జరిమానా ఉంది.

అధికారులకు చివరిగా ఒక మాట. ఆరూ ఒకేసారి కాకపోతే మొదటి మూడూ ఒక్క ఆసుపత్రిలో, ఒక్క నెల పెట్టి చూడండి. ఆ నెల రిజిస్టర్ మేమే నింపుతాం, మీరే చూసి నిర్ణయించండి. మాట్లాడటానికి ఏ రోజు రమ్మన్నా వస్తాం. నైట్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వస్తాం, దానికి క్షమించాలి.

ఇట్లు,
మీ జిల్లా మెట్ట మండలాల్లో పనిచేసే ఒక అంబులెన్స్ ఈఎంటీ